కడచూపుకు కరువొచ్చిన కాలం

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అనంతపురం మెట్ట పల్లెల్లో మాత్రం కోవిడ్ నడిచిన రెండేళ్ళలో మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళకు ఆ తేదీతో పనిలేదు. ఆ ఇళ్ళకు ప్రభుత్వం ఏమిచ్చింది, ఊరు ఏమిచ్చింది, ఇంకా ఏం బాకీ ఉంది?

అనంతపురం పల్లెలో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు. పక్కింటి నుంచి సంగటి వస్తుంది, ఎదురింటి నుంచి చారు వస్తుంది, ఇంకెవరో చెంబు నిండా కాఫీ తెస్తారు. రాత్రికి శవం ఉండిపోతే భజన చేసేవాళ్ళు వచ్చి కూర్చుంటారు. తంబూర, తాళాలు, డోలక్ మధ్య వీరబ్రహ్మం తత్వాలు తెల్లారేదాకా సాగుతాయి. గుంత తవ్వేవాళ్ళు తవ్వుతారు, తప్పెట కొట్టేవాళ్ళు కొడతారు. బెంగళూరులో ఉన్న కొడుకు బస్సు దిగేదాకా, మెట్టినింటి నుంచి కూతురు వచ్చి మీద పడి ఏడ్చేదాకా శవాన్ని ఎత్తరు.

అసలు పని మన్ను వేసి వచ్చినాక మొదలవుతుంది. మూడోనాడు పాలు పోసేటప్పుడు, పెద్ద దినం నాడు, ఆ తర్వాత నెలల తరబడి జనం వస్తూనే ఉంటారు. సంతకు పోయి తిరిగొస్తూ ఒకరు, పెళ్ళి పత్రిక పంచుతూ ఒకరు, "మాట్లాడిచ్చేకి వచ్చినాం" అని అరుగు మీద కూర్చుంటారు. పెద్ద మాటలేమీ చెప్పరు. "ఎట్లైపాయమ్మా?" అని మాత్రం అడుగుతారు. ఆ ఇల్లాలు మొదటినుంచీ చెబుతుంది. జ్వరం వచ్చిన పొద్దు నుంచి, ఆటో పిలిచిన పొద్దు నుంచి, ఆఖరి మాట దాకా. మళ్ళీ ఎవరో వస్తారు, మళ్ళీ మొదటినుంచీ చెబుతుంది. అలా చెప్పగా చెప్పగా ఒకనాటికి ఏడుపు రాకుండా చెప్పగలుగుతుంది.

దీనికి జీవో లేదు, నిధులు లేవు, నోడల్ అధికారి లేడు. అయినా నడిచింది. ధాత కరువు, ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా చూసిన నేల ఇది. పడమటి కనుమల చాటున ఉండి నైరుతి వానలు సరిగా అందక, తూర్పు తీరానికి దూరమై ఈశాన్య వానలూ అందక, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే సీమ. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇలాంటి చోట మనిషికి మనిషే ఆస్తి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ముందుగా తాళం పడింది ఆ ఆస్తి మీదే.

జిప్పు తీయొచ్చని రాసే ఉంది

2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ మృతదేహాల విషయంలో ఎలా నడుచుకోవాలో చెబుతూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఇప్పుడు తీరిగ్గా చదివితే ఒళ్ళు మండుతుంది. రాసినవి చెడ్డవని కాదు, మంచివి కాబట్టి. శవం ఉన్న సంచి జిప్పును సిబ్బంది జాగ్రత్తగా తీసి బంధువులకు కడసారి ముఖం చూపవచ్చని అందులో ఉంది. శవాన్ని తాకకుండా చేసే ప్రార్థనలు, తీర్థం చల్లడం వంటివి చేసుకోవచ్చని ఉంది. బూడిదతో ప్రమాదం లేదు, అస్థికలు తీసుకెళ్ళవచ్చని కూడా ఉంది. వద్దన్నవి స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం, గుంపు చేరడం. అంత్యక్రియలకు ఇరవై మంది దాకా వెళ్ళవచ్చని ఆ తర్వాత వచ్చిన లాక్‌డౌన్ నిబంధనలు చెప్పాయి.

మరి జరిగిందేమిటి? చాలా చోట్ల ముఖం చూపలేదు. బూడిద ఇవ్వలేదు. అంబులెన్సు ఏ శ్మశానానికి పోయిందో ఇంటివాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. కొందరికి తెలియనే లేదు. నిబంధన ఒప్పుకున్నదాన్ని భయం ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో సిబ్బంది తక్కువ, పీపీఈ కిట్లు తక్కువ, శవాలు ఎక్కువ. ఆ ఒత్తిడిలో పనిచేసినవాళ్ళను నిందించడానికి నోరు రాదు. కానీ జిప్పు తీసి రెండు నిమిషాలు ముఖం చూపడం ఫలానా ఉద్యోగి బాధ్యత అని ఎవరికీ అప్పగించకపోవడం మాత్రం ఒత్తిడి వల్ల జరిగింది కాదు. ఆ పనిని ఎవరూ పనిగా లెక్కించలేదు. మృతుడి ముఖం చూసే హక్కు, అంత్యక్రియలు చేసుకునే హక్కు కుటుంబానికి ఉందని కలకత్తా హైకోర్టు 2020 సెప్టెంబరులో తేల్చి చెప్పాల్సి వచ్చింది.

భయం తెలుగువాళ్ళతో ఏమేం చేయించిందో, తెలుగువాళ్ళకు ఏమేం చేసిందో మరిచిపోయే విషయం కాదు. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఎముకల వైద్యుడు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే, అక్కడి శ్మశానం దగ్గర దహనాన్ని స్థానికులు అడ్డుకున్నారు. అదే ఏడాది జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టెలో తీసుకెళ్ళిన వీడియో రాష్ట్రమంతా చూసింది. మున్సిపల్ అధికారుల మీద వేటు పడింది. చనిపోయిన మనిషి అంత్యక్రియలకు 15,000 రూపాయలు ఇస్తామని జూలైలో ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు కావాల్సిందే. అయితే ఆ రోజుల్లో కట్టెలకన్నా, గుంత తవ్వే కూలికన్నా ఎత్తడానికి నాలుగు భుజాలే ఎక్కువ కరువు.

భుజం ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. తిరుపతిలో ముస్లిం యువకులు జేఏసీగా ఏర్పడి మతంతో పనిలేకుండా వందల శవాలకు అంత్యక్రియలు చేశారు. అప్పటి ఎమ్మెల్యే భూమన కరుణాకర్ రెడ్డి వాళ్ళతో పాటు శ్మశానానికి వెళ్ళి, భయం పోవాలని తానూ శవాన్ని మోశారు. హిందువు శవానికి ముస్లిం భుజం పట్టడం రాయలసీమలో వింతేమీ కాదు. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల ముందు కులమతాలు లేకుండా జనం అగ్గిగుండం తొక్కే నేల ఇది. వింత ఏమిటంటే, సొంత అన్నదమ్ములు గడప దాటని రోజున వాళ్ళు దాటారు.

బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి అప్పుడు కోవిడ్ ఆసుపత్రిగా మారింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. హెచ్‌ఐవీ, క్షయ రోగులను ఊళ్ళు వెలివేసిన కాలంలోనే అక్కడి డాక్టర్లు, నర్సులు వాళ్ళ మంచాల పక్కన నిలబడ్డారు. అంటుజబ్బు అంటే రోగిని అంటరానివాడిగా చూడటం కాదని అక్కడివాళ్ళకు కోవిడ్ వచ్చి నేర్పాల్సిన అవసరం రాలేదు. 2009 జూన్‌లో ఫెర్రర్ చనిపోతే అదే బత్తలపల్లిలో సమాధి చేశారు. పల్లెలకు పల్లెలు తరలి వచ్చాయి. పన్నెండేళ్ళ తర్వాత అదే దారిలో వచ్చిన అంబులెన్సుల వెనక నడిచేవాళ్ళు లేరు.

2021 మే

మొదటి అల భయపెట్టింది, రెండో అల చంపింది. మే మొదటి వారంలో అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనూ, హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రిలోనూ రోగులు ఒకరి వెంట ఒకరు చనిపోయారు. ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయిందని బంధువులు ఏడ్చారు, అదేమీ లేదని అధికారులు చెప్పారు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలు చెప్పలేదని కేంద్రం జూలైలో పార్లమెంటుకు చెప్పింది. ఆగస్టుకు వచ్చేసరికి, రుయాలో ఒత్తిడి తగ్గి వెంటిలేటరు మీద ఉన్న కొందరు చనిపోయినట్టు ఆంధ్రప్రదేశ్ నివేదించిందని ఒప్పుకుంది. మిగతా ఊళ్ళలో ఆ మాట ఒప్పుకున్నవారు లేరు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో చనిపోయినవాడి భార్యను అడగాలి. "ఊపిరాడకే పోయినాడు" అని ఆమె కళ్ళారా చూసింది. రికార్డు కాదంటుంది. ఆమె ఎవరిని నమ్మాలి?

రాష్ట్రంలో మామూలుగా మే నెలలో 27 వేల దాకా మరణాలు నమోదవుతాయి. 2021 మేలో నమోదైనవి దాదాపు 1,30,000. పాత్రికేయురాలు రుక్మిణి ఎస్. జనన మరణ నమోదు లెక్కలు తవ్వి ఈ సంగతి బయటపెట్టారు. మొత్తం కోవిడ్ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న కోవిడ్ మరణాలు 14,700 చిల్లర. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని వేల ఇళ్ళు ఉన్నాయో చూడండి. వాళ్ళవాళ్ళు దేనితో పోయారో వాళ్ళకు తెలుసు. కాగితానికి తెలియదు.

కాగితం అడిగే ఊరు

చావుకు రుజువు తెమ్మనడం అనంతపురానికి కొత్త కాదు. వేరుశనగ ఎండి, బోరు ఎండి, అప్పు పెరిగి రైతు పురుగుల మందు తాగితే, అది రైతు ఆత్మహత్యేనని తేల్చడానికి 2004 జూన్ నాటి 421 జీవో ముగ్గురి కమిటీని పెట్టింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు. ఎఫ్‌ఐఆర్ కావాలి, పోస్టుమార్టం కావాలి, పట్టాదారు పాసుపుస్తకం కావాలి, అప్పు కాగితాలు కావాలి. కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు. వడ్డీ వ్యాపారి కాగితం ఇవ్వడు. పొలం మగవాడి పేరున ఉంటే, దున్నినా కలుపు తీసినా ఆడమనిషి రైతు కాదు. అప్పట్లో లక్షన్నరతో మొదలైన పరిహారం 2019 నాటికి 7 లక్షలకు పెరిగింది. మొత్తం పెరిగినా గుమ్మం ఎత్తు తగ్గలేదు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి రైతుల భార్యలు ఈ గుమ్మాలెక్కి దిగుతున్నారు. కోవిడ్ ఇళ్ళు ఆ వరసలోకి వచ్చి చేరాయి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ధర్మవరంలో మగ్గం ఇల్లు. నలభై దాటిన నేతగాడు, పేరు నాగరాజు అనుకోండి. లాక్‌డౌన్‌లో పట్టుచీరలు అమ్ముడుపోక అప్పటికే అప్పు. మేలో జ్వరం. ముక్కులోంచి తీసిన నమూనాకు నెగెటివ్ వచ్చింది, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు సగం తెల్లబడ్డాయి. మంచం దొరక్క బెంగళూరు దారి పట్టారు. చిక్కబళ్ళాపురంలో చేర్చుకున్నారు. నాలుగో రోజు పోయాడు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలని 1969 నాటి చట్టం. కాబట్టి మరణ ధ్రువపత్రం కర్ణాటకది. అందులో పేరు నాగరాజ. ఆధార్‌లో నాగరాజు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, ఇచ్చిన షావుకారు అడుగుతున్నాడు. ఇక ఆ ఇల్లాలు తిరగాల్సినవి: పేరు సరిచేయించుకోవడానికి పక్క రాష్ట్రానికి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి తహసీల్దారు ఆఫీసుకు, కోవిడ్‌తోనే పోయాడని రాయించుకోవడానికి జిల్లా కమిటీకి, వితంతు పింఛనుకు సచివాలయానికి, బ్యాంకుకు. ఇంటికి ఎవరూ రాకూడదన్న రోజుల్లో ఇన్ని చోట్లకు ఆమె పోవాలి.

ఈ నాగరాజు కల్పన. ఆ తిరుగుడు కల్పన కాదు.

సుప్రీంకోర్టు లేకపోతే కోవిడ్ పరిహారం కింద వచ్చే 50 వేలు కూడా వచ్చేవి కావు. కోవిడ్ మృతుల కుటుంబాలకు పరిహారం ఎంతో తేల్చమని 2021 జూన్ 30న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థను కోర్టు ఆదేశించింది. 50 వేలు అని ఆ సంస్థ తేల్చింది. అక్టోబరు 4న కోర్టు దాన్ని ఆమోదిస్తూ, మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ తిప్పి పంపొద్దని, దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో డబ్బు చేరాలని చెప్పింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబాలకు కూడా ఇవ్వాలని తేలింది. రైతు ఆత్మహత్యలు చూసిన సీమకు ఈ ఒక్క వాక్యం విలువ తెలుసు.

అయినా నడిచింది నత్తనడకే. 2022 జనవరి 19న ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రధాన కార్యదర్శులను కోర్టు పిలిపించి నిలదీసింది. అప్పటికి ఆంధ్రలో 36 వేల దాకా దరఖాస్తులు వచ్చాయి. 31 వేలు అర్హమైనవని తేలాయి. డబ్బు అందింది 11 వేల చిల్లర మందికే. దరఖాస్తులు అధికారిక మరణాలకు రెండున్నర రెట్లని గమనించండి. ఇది చాలదన్నట్టు, విపత్తు సహాయ నిధి నుంచి వేరే ఖాతాకు మళ్ళించిన 1,100 కోట్లు వెనక్కి జమ చేయమని అదే ఏడాది జూలైలో రాష్ట్రాన్ని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. చచ్చినవాడి ఇంటికి పోవాల్సిన డబ్బును దారి మళ్ళించడానికి ఏ కారణం చెప్పినా నా దృష్టిలో అది కారణం కాదు.

అసలు సాయం చాలా ఇళ్ళలో బీరువాలోనే ఉంది, చెప్పేవాళ్ళు లేక బయటికి రాలేదు. బ్యాంకు పాస్‌బుక్కులో మే నెలాఖరున 330 రూపాయల కోత కనిపిస్తే, అది అప్పట్లో ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో చనిపోయినా వారసుడికి 2 లక్షలు వస్తాయి. ఖాతా తెరిచిననాడు ఎక్కడెక్కడ సంతకం పెట్టాడో నాగరాజుకే గుర్తుండదు, భార్యకేం తెలుస్తుంది? హిందూపురం దగ్గర ఫ్యాక్టరీల్లోనో, బెంగళూరు గార్మెంట్లలోనో పనిచేసి ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళ కుటుంబాలకు 2021లో వచ్చిన ఈఎస్‌ఐ కోవిడ్ పథకం కింద నెలనెలా సగటు వేతనంలో 90 శాతం అందాలి. చదువుకున్న మేనల్లుడో, బ్యాంకులో తెలిసినవాడో ఉన్న ఇంటికి ఇవి వచ్చాయి. లేని ఇంటికి రాలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా పాస్‌బుక్కు తెరిచి చూసి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలబడేవో!

ఇంట్లోకి ఎవరు తెచ్చారు?

డబ్బు గురించి ఇంత రాశాక చెప్పాలి, కోవిడ్ ఇళ్ళలో లోపల లోపల తొలిచేది డబ్బు కాదు. అది ఒక ప్రశ్న. ఎవరు తెచ్చారు ఇంట్లోకి?

బెంగళూరులో పనులు మూతపడి ఊరికి నడిచొచ్చిన కొడుకు తెచ్చాడా? పెళ్ళికి పోవద్దన్నా పోయిన కోడలు తెచ్చిందా? నేనే తెచ్చి నాయనకు అంటించానా? ఇది నోరు తెరిచి అడగని ప్రశ్న. ఒకసారి కోపంలో ఎవరో అనేస్తారు. ఇక ఆ ఇల్లు రెండు ఇళ్ళవుతుంది. కరువుతో చచ్చినా అప్పుతో చచ్చినా వేలు చూపడానికి బయట ఎవరో ఒకరు ఉంటారు: వాన, షావుకారు, సర్కారు. కోవిడ్‌లో వేలు ఇంట్లోకే తిరిగింది. దీనికి తోడు మరో గుచ్చుడు. "ఆసుపత్రికి తీసుకుపోకపోయి ఉంటే బతికేవాడేమో" అని ఒక ఇల్లు, "తీసుకుపోయి ఉంటే బతికేవాడేమో" అని పక్కిల్లు. ఆఖరి మాట వినలేదు, ముఖం చూడలేదు, మన్ను వేయలేదు. చివరికి మిగిలిన ఫొటో ఆధార్ కార్డులోదే. దాన్నే పెద్దది చేయించి, పెద్దల పండగ నాడు కొత్త బట్టలు దాని ముందే పెడుతున్నారు.

మామూలు చావులో ఈ ప్రశ్నలకు మందు అరుగు మీద దొరికేది. "ఎట్లైపాయమ్మా" అని అడిగిన యాభై మందికి చెప్పుకోవడంలో, "నీదేముంది తల్లీ, వానికి అంతే రాసుండె" అని ఒక ముసలమ్మ అనడంలో తప్పు బరువు కొంత దిగేది. కోవిడ్ ఇంటికి ఆ ముసలమ్మ రాలేదు. రాకపోవడం ఆమె తప్పు కాదు, రావొద్దని అందరం చెప్పాం. వచ్చేందుకు వీలైనప్పుడు కూడా రాకపోవడం మాత్రం మనందరిదీ. ఏడాది గడిచినాక "ఇప్పుడేం పోతాంలే, మానిన పుండు రేపినట్టవుతుంది" అనుకున్నాం. మానిందని మనకెవరు చెప్పారు?

వైద్యశాస్త్రం ఈ మధ్యే దీన్ని ఒక రుగ్మతగా గుర్తించింది. ఆరు నెలలు దాటినా తగ్గకుండా, మనిషిని నిత్య జీవితంలోకి రానివ్వని దుఃఖాన్ని 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చారు. అనుకోని చావు, కడచూపు దక్కకపోవడం, చుట్టూ మనుషులు లేకపోవడం దాన్ని పెంచుతాయి. అమెరికాలో ఒక్కో కోవిడ్ మరణం సుమారు తొమ్మిది మంది దగ్గరి బంధువులను దుఃఖంలో ముంచుతుందని 2020లో అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. తాత, అమ్మమ్మ, తల్లి, తండ్రి, తోబుట్టువు, భార్య, భర్త, బిడ్డ వరకే ఆ లెక్క. మేనమామ, పెద్దమ్మ, వియ్యపురాలు కూడా సొంతమనుషులైన మన దగ్గర దాన్ని ఎంతకు పెంచాలో మీరే చెప్పండి.

మానసిక వైద్యం మనకు దూరపు సరుకేమీ కాదు. జిల్లా స్థాయిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం అందించవచ్చని బెంగళూరు నిమ్హాన్స్ 1980లలో చేసి చూపింది ఎక్కడనుకున్నారు? అనంతపురాన్ని ఆనుకునే ఉన్న బళ్ళారి జిల్లాలో. 1996లో మొదలై దేశంలో విస్తరించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. గుంతకల్లు నుంచి గంటన్నరలో చేరే ఊరు. అయినా మన పల్లెలో నిద్రపట్టని విధవరాలిని దర్గాకో, మంత్రగాడి దగ్గరికో తీసుకుపోతాం గానీ డాక్టరు దగ్గరికి తీసుకుపోం. దర్గాకు పోవద్దని నేననను. అక్కడ కనీసం కూర్చోబెట్టి ఏమైందని అడుగుతారు.

పిల్లలు

తల్లీ తండ్రీ ఇద్దరినీ కోవిడ్‌కు పోగొట్టుకున్న పిల్లల పేరిట 10 లక్షలు డిపాజిట్ చేస్తామని, వడ్డీ నెలనెలా ఇచ్చి, అసలు 25 ఏళ్ళు నిండాక ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2021 మేలో ప్రకటించింది. కేంద్రం అదే నెలలో పీఎం కేర్స్ నుంచి ఇంకో పథకం తెచ్చింది. మంచివే. కానీ జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్క చూడండి. 2020 ఏప్రిల్ తర్వాత ఏ కారణంతోనైనా పెద్దదిక్కును పోగొట్టుకున్న పిల్లలు దేశంలో 1,47,000 మందికి పైనే. వాళ్ళలో ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్ళు 10 వేల పైచిలుకు. మిగతా దాదాపు అందరికీ ఒకరు మిగిలారు. లక్షల పథకాలు పదివేల మంది కోసం. పెద్ద గుంపు మాత్రం తండ్రి లేని పిల్లలది. అనంతపురంలో తండ్రి పోతే తల్లి బెంగళూరు పనికి పోతుంది, పిల్లలు జేజి దగ్గర ఉంటారు, పెద్దపిల్లకు పదో తరగతి కాగానే సంబంధం చూస్తారు. మిషన్ వాత్సల్య కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. మండలాఫీసుకు పోయి అడగాల్సింది అదే ఎనభై ఏళ్ళ జేజి.

పుట్టిన ఇంటికి ఆరుసార్లు

ఒక పోలిక చెబుతాను. ఆసుపత్రిలో బిడ్డ పుట్టి ఇంటికి వస్తే ఆశ కార్యకర్త ఆ గడప ఎక్కాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు. ఆరుసార్లు. ఆమెకు దానికింత అని ఇస్తారు. దేశంలో శిశు మరణాలు తగ్గడంలో ఈ నడకల వంతు ఉంది. అదే ఊళ్ళో మనిషి పోయిన ఇంటికి ప్రభుత్వం తరఫున ఎవరు పోవాలి, ఎన్నిసార్లు పోవాలి? ఎక్కడా రాసిలేదు. ఎవరూ పోనక్కర్లేదు.

వచ్చే మహమ్మారి ఎప్పుడొస్తుందో తెలియదు గానీ రావడం ఖాయం. దానికోసం ఆక్సిజన్ ప్లాంట్లు కట్టుకున్నాం, మంచాలు లెక్కపెట్టుకున్నాం. ఏడ్చే ఇంటికి ఏర్పాటు మాత్రం లేదు. ప్రతి ఆసుపత్రిలో మృతుల కుటుంబాల కోసమే ఒక మనిషి ఉండాలి. ముఖం చూపించే పని, చూసేకి రాలేనివాళ్ళకు ఫోనులో చూపించే పని, మరణ కారణం రాసిన కాగితం ఆ గుమ్మంలోనే చేతికిచ్చే పని అతనిది. ఊళ్ళో ఆశ కార్యకర్త పుట్టిన ఇంటికి పోయినట్టే పోయిన ఇంటికీ పోవాలి. పదకొండో రోజు దాటినాక ఒకసారి, మూడో నెలలో ఒకసారి, ఏడాది దినం ముందర ఒకసారి. పాస్‌బుక్కు చూడాలి, పిల్లలు బడికి పోతున్నారా అడగాలి, నిద్ర పడుతోందా అడగాలి. ఆ నడకకూ ఆమెకు కూలి ఇవ్వాలి. ఉచితంగా చేయించుకునే ఓదార్పు ఎక్కువ రోజులు నడవదు. అనంతపురం, దాన్నుంచి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లాల్లో ముందుగా మొదలుపెట్టి చూడొచ్చు. రైతు ఆత్మహత్యల ఇళ్ళు, కోవిడ్ ఇళ్ళు రెండూ ఉన్నచోటు కాబట్టి ఇక్కడ పనిచేస్తే ఎక్కడైనా పనిచేస్తుంది.

ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. మీ ఊళ్ళో, మీ వీధిలో, మీ బంధువుల్లో ఆ రెండేళ్ళలో పోయినవాళ్ళుంటే, అప్పుడు మీరు పోలేకపోయి ఉంటే, ఈ ఆదివారం పోండి. ఆలస్యమైందని మొహమాటపడకండి. కాఫీ ఇస్తే తాగండి. "ఎట్లైపాయమ్మా" అని అడిగి, చెప్పేదంతా వినండి. లేచేముందు పాస్‌బుక్కు, కాగితాలు ఒకసారి చూపమని అడగండి. నిద్ర లేదని, బతకాలని లేదని ఎవరైనా అంటే 14416కు ఫోను చేసి వాళ్ళ చేతికివ్వండి. అది టెలీమానస్. 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు.